పట్టా ఒకరిది, పంట ఒకరిది: బ్లాక్‌చైన్ భూమి రికార్డులు ఎవరి కోసం?

2017 అక్టోబరులో విశాఖపట్నంలో బ్లాక్‌చైన్ సదస్సు జరిగింది. ఆ రోజుల్లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వీడన్‌కు చెందిన క్రోమావే సంస్థతో కలిసి భూమి రికార్డులను బ్లాక్‌చైన్ మీదికి తెచ్చే ప్రయోగం చేపడుతున్నట్టు ప్రకటించింది. అంతకు ముందు ఏడాది విశాఖలో ఫిన్‌టెక్ వ్యాలీ మొదలైంది. భూమి రిజిస్ట్రేషను, రవాణా శాఖ, ఈ రెండింటితో శ్రీకారం చుట్టాలన్నది అప్పటి ఆలోచన. తర్వాత ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి, ఆలోచన మాత్రం పోలేదు. 2025 నవంబరులో బీహార్ రిజిస్ట్రేషన్ నిబంధనల కేసులో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు కూడా భూమి లావాదేవీలకు బ్లాక్‌చైన్ పనికొస్తుందేమో పరిశీలించమని లా కమిషన్‌కు సూచించింది.

ఇన్నేళ్ల చర్చలో ఏ చైను, ఎన్ని సర్వర్లు, ఎంత ఖర్చు అన్న ప్రశ్నలకు దొరికిన చోటు, ఆ రికార్డులు చూపే వెబ్‌సైటు తెరిచేదెవరు, ఏ పని మీద తెరుస్తారు అన్న ప్రశ్నకు దొరకలేదు. గోదావరి డెల్టాలో ఆ ప్రశ్నను పక్కన పెట్టి చేసే పనంతా వృథా అని నా నమ్మకం. ఇక్కడ పొలం ఒకరి పేరున ఉంటుంది, పొలంలో దిగేది ఇంకొకరు, కాగితం రాసేది మూడో మనిషి, కంప్యూటర్ ముందు కూర్చునేది నాలుగో మనిషి. ఈ నలుగురికీ కావలసింది ఒకటి కాదు. ఒక్కోసారి ఒకరికి కావలసింది ఇంకొకరికి గిట్టదు కూడా.

ముందు ఈ సాంకేతికత ఏం చేస్తుందో తేటగా చెప్పుకోవాలి. 1984 వరకు ఊరి భూమి లెక్క కరణం ఇంట్లో ఉండేది. ఆయన చిట్టాలో ఏం రాస్తే అదే నిజం, ఎప్పుడు దిద్దినా ఎవరికీ తెలిసేది కాదు. ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు వ్యవస్థను రద్దు చేశాక లెక్కలు మండల కార్యాలయానికి, తర్వాత వెబ్‌ల్యాండ్ అనే కంప్యూటర్ చిట్టాకు చేరాయి. బ్లాక్‌చైన్‌లో ఒకే చిట్టా అనేది ఉండదు. ఒకే లెక్క పలువురి దగ్గర ఉంటుంది. ప్రతి నమోదులోనూ దాని ముందు నమోదు తాలూకు గణిత ముద్ర కలిసి ఉంటుంది గనుక పాతదాన్ని చాటుగా మారిస్తే ఆ తర్వాతి ముద్రలన్నీ తప్పుతాయి, మార్చిన సంగతి బయటపడుతుంది. అంతవరకే దాని శక్తి. లోపల రాసింది నిజమా అబద్ధమా అన్నది దానికి తెలియదు. తప్పును కూడా అంతే భద్రంగా దాచి పెడుతుంది.

ఈ తేడాను ప్రపంచం ఇప్పటికే చూసింది. హోండురాస్‌లో 2015లో అమెరికా కంపెనీ ఫ్యాక్టమ్‌తో మొదలైన ప్రయత్నం ఏడాది తిరక్కుండానే ఆగిపోయింది. జార్జియా 2016లో బిట్‌ఫ్యూరీతో ఒప్పందం చేసుకుని లక్షల పత్రాల ముద్రలను చైను మీదికి ఎక్కించింది. అక్కడ పని సాగడానికి కారణం, భూమి రిజిస్ట్రీని అప్పటికే చాలావరకు శుభ్రం చేసుకుని ఉండటం. స్వీడన్ భూమి సర్వే శాఖ లాంట్‌మాటెరియెట్ క్రోమావేతోనే 2016 నుంచి విడతలవారీగా పరీక్షలు జరిపింది. సాంకేతికంగా పని నడిచింది. కానీ అమ్మకం పత్రం మీద చేతి సంతకం ఉండాలన్న అక్కడి చట్టం దగ్గర చిక్కుపడింది. ఈ మూడు దేశాల అనుభవాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే, చైను ఎంత గట్టిదన్న విషయం కంటే, దాన్ని వాడబోయేవాళ్ల చేతిలో ఏ కాగితాలున్నాయి, ఏ చట్టం కింద బతుకుతున్నారు అన్నదే ఫలితాన్ని తేల్చింది.

మన దగ్గర ఆ కాగితాలు ఎలా ఉన్నాయి? రిజిస్ట్రేషన్ శాఖలో 1998 నవంబరులో కార్డ్ పేరుతో కంప్యూటర్లు వచ్చాయి. ఈసీ (భూమి లావాదేవీల ధ్రువపత్రం) కోసం రోజుల తరబడి తిరిగే బాధ కొంత తీరింది. 2011లో మీసేవ, 2015లో మీభూమి వచ్చాయి. మీభూమిలో అడంగల్ అనే సాగు లెక్క, వన్-బీ అనే హక్కుల లెక్క, గ్రామ పటం ఇంట్లోంచే చూడొచ్చు. అది నిజంగా పెద్ద మార్పు, తక్కువ చేసి చెప్పలేను. ఈ చరిత్రలో డెల్టాకు తనదైన చోటు ఉంది. 2000ల తొలి ఏళ్లలోనే పశ్చిమ గోదావరి జిల్లాలో పల్లె ఈ-సేవా కేంద్రాలను పొదుపు సంఘాల మహిళలు నడిపారు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాల వ్యవస్థ కాకినాడ దగ్గరి కరపలో మొదలైంది. 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలు వచ్చాయి. ఈ వరుస చూస్తే ఒక సంగతి కనబడుతుంది. పల్లెలో వెబ్‌సైటు సాగిన ప్రతిచోటా, తెరకూ రైతుకూ మధ్య ఒక మనిషి కూర్చున్నాడు, లేదా కూర్చుంది. వాట్సాప్ వచ్చాక ఇంట్లో చదువుకుంటున్న పిల్లలు ఆ మనిషి చోటు తీసుకుంటున్నారు.

అందుకే రైతు ఇంట్లో కూర్చుని సొంతంగా బ్లాక్‌చైన్ పోర్టల్ తెరుస్తాడన్న ఊహతో మొదలుపెట్టే రూపకల్పన తొలి అడుగులోనే దారి తప్పుతుంది. రోజూ ఆ పేజీ తెరిచేది దస్తావేజు లేఖరి, మీసేవ ఆపరేటరు, సచివాలయ ఉద్యోగి, బ్యాంకు ఫీల్డ్ ఆఫీసరు, వకీలు గుమాస్తా. వీళ్లలో లేఖరి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రాజమండ్రిలోనైనా, తణుకులోనైనా, అమలాపురంలోనైనా సబ్-రిజిస్ట్రార్ కార్యాలయం బయట కూర్చునే లేఖరికి తెలిసినంత భూచరిత్ర ఆ చుట్టుపక్కల ఏ సర్వర్‌లోనూ లేదు. ఫలానా ఖాతాలో పెద్దాయన పోయాక భాగపంపిణీ నోటిమాటగా జరిగిందని, ఫలానా సర్వే నంబరులో హద్దు బోదె జరిగిందని ఆయనకు తెలుసు. మధ్యవర్తిని తొలగించడమే వికేంద్రీకరణ లక్ష్యం అని ఈ రంగంలో తరచూ వినబడుతుంది. డెల్టాలో ఆ మాట తొందరపాటు. పోర్టల్ ఆయన్ను గుర్తించాలి, ఆయన పేరుతో లాగిన్ ఇవ్వాలి, ఆయన నింపిన ప్రతి దరఖాస్తు మీద ఆయన గుర్తు ఉండేలా చూడాలి. అప్పుడు ఆయన తెలివి ఉపయోగపడుతుంది, బాధ్యత కూడా ఆయన మీద ఉంటుంది. ఆయన లేనట్టు నటిస్తే, రైతు ఓటీపీ చెబుతాడు, లేఖరి నొక్కుతాడు, ఎవరు నొక్కారో చైనుకు తెలియదు.

పట్టాదారుల్లోనూ తేడాలున్నాయి. ఊళ్లో ఉన్న ఆసామికి వన్-బీ నకలు బ్యాంకు రుణం రోజున, అమ్మకం రోజున తప్ప అక్కరలేదు. హైదరాబాద్‌లోనో టెక్సస్‌లోనో ఉన్న ఆసామికి కావలసింది వేరు. తన పొలం మీద ఎవరైనా ఏదైనా కదిపితే ఆ క్షణాన ఫోనుకు కబురు రావాలి. నిజానికి మార్పును దాచనివ్వకపోవడమే బలంగా ఉన్న సాంకేతికతకు ఇంతకన్నా తగిన పని లేదు. కానీ దూరాన ఉన్న ఆసామి కోసం కట్టిన పేజీయే మొత్తం వెబ్‌సైటు అయిపోయే ప్రమాదం ఉంది. గొంతు ఉన్నవాళ్లు వాళ్లే, అడిగేది వాళ్లే, ఇంగ్లీషులో ఫిర్యాదు రాసేదీ వాళ్లే.

ఇంటి ఆడపడుచులు ఇంకో వర్గం. ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టానికి 1986లో చేసిన సవరణతోనే ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు వాటా వచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. చట్టం వచ్చి ఇంతకాలమైనా, తండ్రి పోయాక ముటేషన్ (రికార్డులో పేరు మార్పు) అన్నదమ్ముల పేర్లతోనే జరిగిపోవడం అరుదు కాదు. పాలకొల్లు నుంచి మండపేట కోడలిగా వెళ్లిన అమ్మాయికి పుట్టింటి ఖాతా నంబరు తెలియదు, సర్వే నంబరు తెలియదు. తండ్రి పేరు, ఊరు మాత్రం తెలుసు. ఆ రెండింటితో వెతికితే, తండ్రి ఖాతాలో ఎప్పుడు ఏ మార్పు జరిగింది, వారసుల జాబితాలో ఎవరిని చూపారు అన్నది ఆమెకు తేదీలతో కనబడాలి. మారని చరిత్ర ఆమెకు నిజంగా పనికొచ్చేది ఇక్కడే. అదే సమయంలో అన్నదమ్ములకు ఇది గిట్టదు. అందరి అవసరాలూ తీర్చే తటస్థమైన పేజీ ఒకటి ఉంటుందన్న భ్రమ వదులుకుంటేనే ఈ పని మొదలవుతుంది.

ఇక కౌలు రైతు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆయనే.

డెల్టాలో సార్వా, దాళ్వా రెండు పంటలూ ఎక్కువగా కౌలుదారుల చేతుల మీదే పండుతాయి. ఒప్పందం నోటిమాట. శిస్తు ఎకరానికి ఇన్ని బస్తాలని మాట అనుకుంటారు, కొన్నిచోట్ల ముందే కట్టాలి. తుఫాను వచ్చినా, ముంపు వచ్చినా శిస్తు తగ్గుతుందన్న భరోసా లేదు. ఈ మనిషిని కాగితం మీదికి తేవడానికి ప్రభుత్వం ప్రయత్నాలు చేసింది. 2011 చట్టం కింద రుణ అర్హత కార్డులు ఇచ్చారు, దానికి ఆసామి సంతకం అక్కర్లేదు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలలకు సీసీఆర్సీ కార్డు వచ్చింది, దానికి ఆసామి ఒప్పుకోలు కావాలి. ఆసామి భయం ఏమిటంటే, పేరు ఎక్కితే రేపు హక్కు అడుగుతాడని. కౌలుదారు భయం ఏమిటంటే, సంతకం అడిగితే వచ్చే ఏడాది పొలం ఇంకొకరికి ఇస్తాడని. ఇద్దరూ మౌనంగా ఉండిపోతారు. ఆ మౌనం ఖరీదు కౌలుదారే కడతాడు. ఈ-పంట అనే పంట నమోదులో ఆసామి పేరు ఎక్కితే ధాన్యం సొమ్ము, పంట నష్టపరిహారం ఆసామి ఖాతాకు పోయే పరిస్థితి వస్తుంది. సొసైటీలో అప్పు పుట్టక కమిషన్ ఏజెంటు దగ్గరికో, ఎరువుల కొట్టు దగ్గరికో వెళ్లాల్సి వస్తుంది.

ఇప్పుడు ఈయన మీభూమి తెరిచాడనుకుందాం. జిల్లా, మండలం, గ్రామం అడుగుతుంది. తర్వాత సర్వే నంబరు, ఖాతా నంబరు, ఆధార్ నంబరు, పట్టాదారు పేరు, వీటిలో ఏదో ఒకటి అడుగుతుంది. ఆధార్ కొడితే ఈయన పేరున ఏమీ రాదు. పొలాన్ని ఈయన నంబరుతో గుర్తుపెట్టుకోడు, పెద్ద బోదె పక్కన రెండెకరాల చెక్క అని గుర్తుపెట్టుకుంటాడు. అడంగల్‌లో పట్టాదారు గడి పక్కనే అనుభవదారు గడి ఉంది, కానీ అందులో కూడా ఆసామి పేరే కనబడటం మామూలు. ఇదే సమాచారాన్ని బ్లాక్‌చైన్ మీదికి ఎక్కిస్తే జరిగేదేమిటి? పొలంలో దిగే మనిషి లేడన్న అబద్ధానికి చెరగని ముద్ర పడుతుంది.

అలాగని ఈ సాంకేతికతలో కౌలుదారుకు ఏమీ లేదనడం సరికాదు. హక్కు రికార్డును ముట్టుకోకుండా, సాగు రికార్డును విడిగా నడపవచ్చు. ఫలానా సీజన్‌లో ఫలానా చెక్కలో నాటింది ఎవరు, ఈ-కేవైసీ ఇచ్చింది ఎవరు, ధాన్యం తోలింది ఎవరు అన్నది రైతు సేవా కేంద్రం దగ్గర తేదీతో ముద్రపడి ఉంటే, అది యాజమాన్యానికి సాక్ష్యం కాదని చట్టంలోనే రాసి ఉంటే, ఆసామి భయానికి ఆధారం తగ్గుతుంది. నాలుగైదు సీజన్ల సాగు చరిత్ర ఉన్న మనిషికి అప్పు ఇవ్వడం బ్యాంకుకూ తేలిక. ఇదంతా కాగితం మీద సులువుగా కనబడుతుంది, చట్టం పని చాలా ఉంది. అయినా బ్లాక్‌చైన్ మీద ఒక్క రూపాయి ఖర్చు పెట్టే ముందు డెల్టా అడగవలసింది ఈ సాగు రికార్డు పేజీనే.

లంక భూముల దగ్గర ప్రశ్న ఇంకా లోతుకు పోతుంది. గౌతమి, వశిష్ట, వైనతేయ పాయల మధ్య లంకలు ఏటికేడాది మారతాయి. ఒక వరదకు ఏటిగట్టు అవతల ఎకరాలు కోతకు పోతాయి, ఇంకోచోట మేట వేసి కొత్త నేల పుడుతుంది. 1986 ఆగస్టు, 2022 జూలై వరదలు చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. లంక భూముల్లో డీ-పట్టాలు, అసైన్డ్ భూములు ఎక్కువ. 1977 చట్టం అసైన్డ్ భూముల అమ్మకాన్ని నిషేధించింది, అయినా చేతులు మారిన కథలు ఊరికొకటి ఉంటాయి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో డ్రోన్లతో, ఉపగ్రహ సంకేతాలతో ప్రతి చెక్కకూ కొలతలు తీస్తున్నారు. మెట్ట పొలానికి ఆ కొలతలు ఎప్పటికీ నిలబడతాయి. లంకలో ఆ కొలతలున్న చోట వచ్చే ఏడాది నీళ్లు పారవచ్చు. పట్టా చేతిలో ఉండి నేల ఏట్లో కలిసిన రైతుకు కావలసినవి కోత పడిన తేదీ, ముందు వెనకల ఉపగ్రహ చిత్రాలు, పరిహారానికి దరఖాస్తు, ఈ మూడూ ఒకే చోట. మారని రికార్డు గురించి మాట్లాడేవాళ్లు మారే నేల గురించి ముందు ఆలోచించాలి. భీమవరం, ఆకివీడు వైపు సమస్య ఇంకోలా ఉంది. రికార్డులో మాగాణి, చూస్తే రొయ్యల చెరువు. అక్కడ భూమి రికార్డు పేజీ తెరవవలసింది చెరువు యజమాని ఒక్కడే కాదు, ఉప్పునీటి ఊటతో వరి దెబ్బతిన్న పక్క చేను రైతు కూడా.

ఈ వర్గాలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న అవసరం ఒక్కటే: తప్పు ఎక్కడ చెప్పాలి? రాష్ట్రంలో చుక్కల భూములని ఉన్నాయి. బ్రిటిష్ కాలపు రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో పట్టాదారు పేరు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేశారు. ఆ చుక్కలను సరిచేయడానికి 2017లో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. రిజిస్ట్రేషను చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో పొరపాటున చేరిన సొంత భూములు మరో గోడు. రీసర్వేలో పలువురికి కలిపి ఒకే ఎల్‌పీఎం (భూ కమతపు పటం) నంబరు పడటం ఇంకో గోడు, అలాంటి చోట అమ్మాలన్నా అప్పు తేవాలన్నా పక్కవాళ్ల చుట్టూ తిరగాలి. 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి తెచ్చిన భూ హక్కు చట్టం మీద అంత భయం పుట్టడానికీ, 2024 జూలైలో శాసనసభ దాన్ని రద్దు చేయడానికీ వెనక ఉన్న ప్రశ్న ఇదే. తప్పు పడితే ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఎంత గడువులో?

పొరుగున తెలంగాణ ఈ పాఠాన్ని చాలా ఖరీదుతో నేర్చుకుంది. 2020 అక్టోబరులో వచ్చిన ధరణిలో రిజిస్ట్రేషన్, ముటేషన్ ఒకే రోజున అయ్యే సౌకర్యం ఉండేది. ఏ మచ్చా లేని ఖాతా ఉన్నవారికి అది మేలే చేసింది. కానీ తప్పు దిద్దే అధికారం తహసీల్దారు దగ్గర ఉండేది కాదు, అనుభవదారు గడి ఉండేది కాదు, చాలామంది సివిల్ కోర్టుకు పోవాల్సి వచ్చింది. దిద్దుబాటు మాడ్యూళ్లు తర్వాత ఒక్కొక్కటే అతికించారు. చివరికి 2025 ఏప్రిల్‌లో అప్పీళ్లకు చోటిస్తూ భూభారతి వచ్చింది. ధరణి బ్లాక్‌చైన్ కాదు. అయినా మారని రికార్డు అన్న ఆశయం మనుషులను ఎలా నలిపిందో చూపే దగ్గరి ఉదాహరణ అదే. ఇక్కడ ఒక అపోహ కూడా తొలగాలి. బ్లాక్‌చైన్ మీద దిద్దుబాటు సాధ్యమే. పాత నమోదు అలాగే ఉంటుంది, కింద కొత్త నమోదు చేరుతుంది, ఎవరి ఆదేశంతో చేరిందో కనబడుతుంది. కాబట్టి ఈ వెబ్‌సైటులో అన్నిటికన్నా పైన ఉండవలసిన బొత్తాం ‘నా రికార్డులో తప్పుంది’ అన్నది. దాన్ని నొక్కగానే ఆ ఖాతా మీద అభ్యంతరం ఉందన్న సంగతి కొనేవాడికీ, బ్యాంకుకూ కనబడాలి.

చైను నకళ్లు ఎవరి దగ్గర ఉంటాయన్నదీ వాడేవాళ్ల ప్రశ్నే. రెవెన్యూ శాఖ, రిజిస్ట్రేషన్ శాఖ, ఒక కంపెనీ, ఈ మూడింటి సర్వర్లలోనే ఉంటే దాన్ని వికేంద్రీకరణ అనడం జనాన్ని మోసం చేయడమే. జిల్లా కోర్టు, సహకార బ్యాంకు, ఒక విశ్వవిద్యాలయం, వీటి దగ్గర కూడా నకలు ఉండి, ఏది ఎక్కడుందో మొదటి పేజీలోనే తెలుగులో రాసి ఉండాలి. అదే సమయంలో ప్రతి రైతు అప్పూ ప్రతి ఒక్కరికీ కనబడకూడదు. 2023 వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తర్వాత ఇది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, చట్టం కోరుతున్నది.

వాడేవాళ్లను తెలుసుకునే పద్ధతులు కొత్తవేమీ కావు. అలన్ కూపర్ 1999లో తన పుస్తకంలో ఊహాపాత్రల పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం 2012లో ప్రకటించిన సూత్రాల్లో మొదటిది వాడేవారి అవసరంతో మొదలుపెట్టమనే. నాకు ఊహాపాత్రల మీద అంత నమ్మకం లేదు. ఆఫీసులో కూర్చుని ‘సన్నకారు రైతు రాముడు’ అని రాసుకుంటే, ఆ రాముడికి తప్పకుండా సొంత పట్టా ఉంటుంది, స్మార్ట్‌ఫోను ఉంటుంది, తీరిక ఉంటుంది. డెల్టాలో ఊహించాల్సిన అవసరమే లేదు, ఆధారాలు చేతిలో ఉన్నాయి. 2024 డిసెంబరు 6 నుంచి 2025 జనవరి 8 దాకా ఊరూరా జరిగిన రెవెన్యూ సదస్సుల్లో జనం స్వయంగా అర్జీలు ఇచ్చారు. ఒక్కో అర్జీ వెబ్‌సైటు వాడబోయే ఒక్కో మనిషి అవసరం, వాళ్ల మాటల్లోనే. వాటిని మండలాల వారీగా వర్గీకరిస్తే ఏ పేజీ ముందు కట్టాలో తేలుతుంది. మీసేవ కౌంటర్లలో ఏ నకళ్ల కోసం ఎవరు వస్తున్నారో, మీభూమిలో ఏ వెతుకులాటలు ఖాళీగా తిరిగి వస్తున్నాయో లెక్క తీయాలి. ఖాళీగా తిరిగి వచ్చిన వెతుకులాటల్లో కౌలుదారులు, ఆడపడుచులు, లంక రైతులు దాగి ఉంటారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక తమ మండలం ఏ జిల్లా కింద వెతకాలో తెలియక ఆగిపోయినవాళ్లు కూడా ఆ లెక్కలోకి వస్తారు.

తర్వాతి ప్రయోగం ఎప్పుడు మొదలైనా, దాన్ని విశాఖ సదస్సు మందిరంలో కాకుండా కోనసీమలో ఒక లంక గ్రామంలో, పశ్చిమ డెల్టాలో కౌలు ఎక్కువగా ఉన్న ఒక గ్రామంలో పెట్టమని అడుగుతున్నాను. సార్వా కోతలు అయి ధాన్యం తోలే వారాల్లో పెట్టాలి, ఎందుకంటే ఎవరి పేరున ఏముందన్న ప్రశ్న నిజంగా కడుపు మీద తగిలేది అప్పుడే. పట్టాదారును, కౌలుదారును విడివిడిగా పిలవాలి, ఒకరి ముందు ఇంకొకరు నోరు విప్పరు. లేఖరిని, సచివాలయ సర్వేయరును పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఒక్క పేజీ మాత్రమే, అదీ కాగితం మీద గీసి, చేతికిచ్చి, ఇందులో నీ పొలం ఎక్కడుందో చూపించమనాలి. చూపించలేకపోతే గీసినవాళ్లు ఆ రాత్రే తిరగగీసి, మర్నాడు మళ్లీ అదే అరుగు మీద కూర్చోవాలి.